జాంబాష్ ఎవరికి

బిష్కెక్, మార్చి 3

మా గురువుగారు అగాయ్‌కి నమస్కారాలు,

కరాకోల్ వ్యాను నడిపే మామిర్ చేతికి ఈ కవరు, మీ మోకాళ్ళ మందు, రెండు పొట్లాల టీ ఇచ్చి పంపుతున్నాను. మీరు మెయిల్ రాయడం మానేసిన నాటి నుంచి మన ఉత్తరాలన్నీ మామిర్ ముందు సీటులోనే ప్రయాణం చేస్తున్నాయి. "ఈ ముసలాయనకి ఫోను లేదా?" అన్నాడు. "ఉంది, అందులో తిట్లు తప్ప ఏమీ వినపడవు" అన్నాను.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. ఒకే పెద్ద యంత్రాన్ని ముక్కలు చేసి అద్దెకిస్తాం. ఒక ముక్కలో జిల్లా ఆసుపత్రుల రోగుల వివరాలు, పక్క ముక్కలో పెళ్ళిమంటపం బుకింగులు, దాని పక్కన ఎవరో చదువుకునే కుర్రాళ్ళు. వాళ్ళ మధ్య గోడలు కట్టేది ఆ యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాము, కెర్నెలే.

మీ దగ్గర చదువుకున్న రోజులు గుర్తొచ్చి ఒక చిన్న సందేహం అడుగుతున్నాను. నెట్‌వర్క్ భాగంలో ప్యాకెట్లను వరుసలో నిలబెట్టే చోట, పెద్ద క్యూ కింద చిన్న క్యూలు ఉంటాయి కదా. చిన్న క్యూ ఖాళీ అయినప్పుడు పెద్ద క్యూకి ఆ కబురు ఎవరు చెప్పాలి? చెప్పకపోతే ఏమవుతుంది? ఊరికే అడుగుతున్నాను.

నాకు అక్కలాంటి మీ ఆవిడ కులీపా ఎజెకి ముద్దులు.

బెర్మెత్

కరాకోల్, మార్చి 9

బెర్మెత్,

మందు అందింది. పనిచేయడం లేదు. టీ బాగుంది.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. విశ్వవిద్యాలయం వాళ్ళు నాకు సన్మానం చేస్తామని మనిషిని పంపారు. మా పాత కంప్యూటరు లెక్కల కేంద్రాన్ని ఇనప సామాను కింద అమ్మేసిన డీన్ గారే శాలువా కప్పుతాడట. ఆ యంత్రాలతో పాటు నన్నూ తూకం వేసి అమ్మేస్తే సరిపోయేది కదా అని చెప్పి పంపాను. వచ్చినవాడు అది కూడా రాసుకున్నాడు.

"ఊరికే అడుగుతున్నాను" అన్నావు. ఎప్పుడైనా ఊరికే ఒక్క ప్రశ్న అడిగావా నువ్వు? నువ్వు రాయనిది నేను రాస్తాను, సరిచూసుకో.

విందులో వడ్డించేవాడి దగ్గర పేర్ల వరుస ఉంటుంది. ఎవరి ముందు ఏ ఎముక పెట్టాలో అందులో ఉంటుంది. జాంబాష్, అంటే గొర్రె తుంటి ఎముక, అందరికంటే పెద్దవాడికి. ఆ పెద్దవాడు మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళాడని వడ్డించేవాడికి ఎవరూ చెప్పలేదు. గుమ్మం దగ్గరున్న అణాకానీ వెధవ ఎవడో వచ్చి ఆ ఖాళీ చోటులో కూర్చున్నాడు. వడ్డించేవాడు ముఖం చూడడు, చోటు చూస్తాడు. జాంబాష్ తెచ్చి వాడి ముందు పెడతాడు. చిన్న క్యూ పోయింది, దాని చోటు ఇంకొకడి చేతికి వచ్చింది, పెద్ద క్యూ మాత్రం ఆ చోటునే నమ్ముతోంది. అలా ఏ అధికారమూ లేని మామూలు వాడుకరి యంత్రం మొత్తానికి యజమాని అవుతాడు. అదేనా?

అదే అయితే, గుమ్మం దగ్గరివాడికి అసలు విందులోకి దారి ఎవరిచ్చారో కూడా నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందట వలెంతిన్ రెంపెల్ ఒక మార్పు తెచ్చాడు. ఎవడైనా తనకోసం ఒక చిన్న గది కట్టుకుని, ఆ గదికి తానే యజమానినని చెప్పుకుని, ఈ క్యూలను ముట్టుకోవచ్చన్నాడు. ఈ కోడంతా అసలు యజమాని ఒక్కడే ముట్టుకుంటాడని నమ్మి రాసింది, ఆ తలుపు తెరవొద్దు అని నేను రాశాను. కెర్నెల్ రాసేవాళ్ళు వేలమంది చదివే మెయిల్ జాబితాలో ఆ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "ఎసెన్‌బెక్ గారిది అభ్యంతరం కాదు, కీళ్ళనొప్పి."

రోత్‌ఫ్రంట్ అనే మన జర్మన్ల ఊరి నుంచి వచ్చిన పిల్లాడు. లెక్కల కేంద్రంలో నా బల్ల పక్కనే కూర్చుని, నా రొట్టె తిని, నా పుస్తకాలు చదివి మనిషయ్యాడు. జర్మనీ వెళ్ళి ఆ భాగానికి సంరక్షకుడు కాగానే నాకు కీళ్ళనొప్పి అంటగట్టాడు. అతనున్నంత కాలం ఆ జాబితాకి ఒక్క అక్షరం రాయనని ఆ రోజే అనుకున్నాను. చదవడం మాత్రం మానలేదు. శత్రువు రాసినదాన్ని శ్రద్ధగా చదవాలి.

ఎసెన్‌బెక్

బిష్కెక్, ఏప్రిల్ 2

అగాయ్,

మీ ఉత్తరం చదివి తలుపు గడియ పెట్టుకున్నాను. అంతా మీరు చెప్పినట్టే ఉంది. చదువుకునే కుర్రాళ్ళ ముక్కలో ఒక పరీక్ష నడుస్తుండగా యంత్రం కూలింది. ఎందుకు కూలిందా అని తవ్వుకుంటూ వెళ్ళాను. చివరికి మామూలు వాడుకరిగా లోపలికి వెళ్ళి, యజమానిగా బయటికి వచ్చాను. ఆసుపత్రుల ముక్కలో ఉన్నవన్నీ నాకు కనిపించాయి. 

కెర్నెల్ భద్రత చూసేవాళ్ళకి రాశాను. ఆ భాగం సంరక్షకుడు రెంపెల్ గారు కాబట్టి ఆయన కూడా ఇందులో ఉన్నారు. ఈ తప్పుకి మందు, అంటే దిద్దే ప్యాచ్, తయారై, దాన్ని పంచేవాళ్ళందరి చేతికీ అందేదాకా ఎవరూ బయట నోరు విప్పకూడదని గడువు పెట్టారు. అందరం మాటిచ్చాం.

మీరు ఇవ్వలేదు. మీకు ఎవరూ చెప్పలేదు కూడా. నా ప్రశ్నను బట్టి మీరే ఊహించారు. అందుకే నిద్ర పట్టడం లేదు. ఈ కబురు ముందే బయటికి పొక్కితే, ఆసుపత్రుల సంగతి అలా ఉంచండి, బిష్కెక్ అమ్మాయి నోట నువ్వు గింజ నానలేదని రాస్తారు. ఆ ముద్ర పడ్డవాళ్ళకి ఇంకెప్పుడూ ఎవరూ ఏమీ చెప్పరు. ఇది నేను కనిపెట్టిన మొదటి తప్పు.

దయచేసి ఎవరితోనూ అనకండి.

బెర్మెత్

కరాకోల్, ఏప్రిల్ 8

బెర్మెత్,

ఎవరితో అంటాను? మేకలతోనా?

నిజం చెబుతున్నా. జాబితాకి పంపాల్సిన ఉత్తరం సిద్ధంగా ఉంది. మూడు పేరాలు. మొదటి పేరాలో నా పాత అభ్యంతరం, రెండో పేరాలో కీళ్ళనొప్పి, మూడో పేరాలో ప్రస్తుతం ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందని ఒక పరామర్శ. ఎన్నో ఏళ్ళుగా ఇంత బాగా రాయలేదు. కులీపాకి చదివి వినిపించాను.

"బాగుంది" అంది. "ఆ రెంపెల్ గురించి ఆలోచించిన సమయంలో సగం నా గురించి ఆలోచించినా, నాకు ఈపాటికి వంటింట్లో కొత్త పొయ్యి ఉండేది."

"ఇది పరువు సంగతే."

"ఎవరి పరువు? పిల్లది ఏడుస్తూ రాసింది, చూశావా?"

చూశాను. కవరు మీద చుక్కలున్నాయి. మామిర్ టీ ఒలకబోశాడేమో అనుకున్నాను.

సరే. గడువు దాటేదాకా నోరు మూసుకుంటాను. నీ కోసం మూసుకుంటున్నాను, అతని కోసం కాదు. గడువు ముగిసిన క్షణంలో నా ఉత్తరం వెళుతుంది. ఇంకో షరతు. మందులో ఒక వరుస రాయడం మన ఆచారం కదా, ఈ తప్పు ఫలానా మార్పుతో వచ్చిందని. ఆ వరుసలో అతని పేరున్న మార్పే ఉండాలి. ఇంకెవడి పాత మార్పు మీదికో నెట్టి తప్పించుకోనివ్వకు. ఆ మందు నాకూ చూపించు. వాడి రాత నాకు తెలుసు, మధ్యాహ్నం భోజనం తర్వాత రాసిందయితే అజాగ్రత్తగా ఉంటుంది.

ఎసెన్‌బెక్

బిష్కెక్, ఏప్రిల్ 21

అగాయ్,

మీకు చూపించవచ్చా అని రెంపెల్ గారిని ఫోనులోనే అడిగాను.  

మీ పాత ముద్దుపేరుతో కిర్గిజ్‌లో అన్నారు: "ఎసెకే ఇంకా ఉన్నాడా?"

"ఉన్నారు. మీ ప్యాచ్‌లన్నీ చదువుతారు. ఉత్తరాల్లో తిడతారు."

"దేన్ని ఎక్కువ తిడతాడు?"

"కిందటేడాది కోడు తాళాల మీద మీరు రాసినదాన్ని."

"అది నిజంగానే చెత్త" అని నవ్వారు. "చూపించు. నేను వద్దన్నా చూస్తాడు. మాట మాత్రం తీసుకో."

నా తరఫున మీ మాట ఇచ్చేశాను. మందు అచ్చు వేయించి పంపుతున్నాను. కవరుకి నాలుగు వైపులా టేపు వేశాను. ఏముందని మామిర్ అడిగితే, పెళ్ళి సంబంధం ఫొటోలంటాను. ఇక వరుడెవరని వారానికోసారి అడుగుతాడు.

యంత్రం మీద నేను పరీక్షించాను. నా పాత దారిలో ఇక ఎవరూ లోపలికి రాలేరు. "పరీక్షించినది బెర్మెత్" అని కూడా అందులో ఉంటుంది. గడువు వచ్చే నెల మొదట్లో.

బెర్మెత్

కరాకోల్, ఏప్రిల్ 26

బెర్మెత్ గారికి,

మీరు పంపినది అందింది. ధన్యవాదాలు. ప్యాచ్ చదివాను. రచన చక్కగా ఉంది. ప్రత్యేకంగా చెప్పవలసినదేమీ లేదు.

వాతావరణం ఆహ్లాదకరంగా ఉంది. ఆపిల్ చెట్లు మొగ్గ వేస్తున్నాయి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఎసెన్‌బెక్

బిష్కెక్, ఏప్రిల్ 29

అగాయ్,

ఇరవై ఏళ్ళలో మీరు నన్ను "మీరు" అన్నది ఇదే మొదటిసారి. రెంపెల్ గారి రచన చక్కగా ఉందనడమూ ఇదే మొదటిసారి. ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. 

మీకు ఏదో కనిపించింది. ఆ మందులో తప్పుంది. మీరు చెప్పడం లేదు.

ఎందుకో కూడా నాకు అర్థమవుతోంది. గడువు రాగానే ఇది లోకమంతటికీ వెళుతుంది. మర్నాడే ఎవడో దానికి పక్కనుంచి దారి కనిపెడతాడు. తన తప్పును తానే దిద్దుకోలేకపోయాడని రెంపెల్ గారిని అందరూ నవ్వుతారు. అప్పుడు మీ మూడు పేరాలు చదవడానికి ఇంకా రుచిగా ఉంటాయి.

కానీ అగాయ్, ఆ వరుసల్లో నా పేరుంది. పరీక్షించింది నేను. మందు వచ్చిన రోజునే ఆసుపత్రుల యంత్రాలకు వేస్తామని మా పెద్దాయన మాటిచ్చాడు. "బెర్మెత్ చూసిందిగా, ఇక దిగులెందుకు" అని వాళ్ళకి చెప్పాడు. దారి తెరిచి ఉందని తెలిసినవాడు లోపలికి వచ్చేది రెంపెల్ గారి ఇంట్లోకి కాదు, నారిన్ ఆసుపత్రిలో ఎవరో తల్లి చీటీలోకి. నవ్వులపాలయ్యేది ఆయన. దొంగను లోపలికి పంపించేది నేను.

తిట్టండి. మర్యాదగా మాత్రం రాయకండి.

బెర్మెత్

కరాకోల్, మే 1

మొండిదానా,

మామిర్ నీ కవరుతో దిగేసరికి మేము పెరట్లో బంగాళాదుంప విత్తనాలు పెడుతున్నాం. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాను. కులీపా పార ఆపింది.

"ఏమంటుంది?"

"ఏమీ లేదు. బాగానే ఉన్నానంటోంది."

"బాగానే ఉన్నవాళ్ళ ఉత్తరం చదివితే నీ చెవులు ఎర్రబడవు. ఆ వచ్చిన కాగితాల్లో తప్పు చూశావు కదూ? వారం రోజులుగా ఈల వేస్తున్నావు. నువ్వు ఈల వేసేది ఎవడో గోతిలో పడబోతుంటేనే."

ఆవిడకి కెర్నెల్ అంటే ఏమిటో తెలియదు. నేను మాత్రం ఆవిడకి బాగా తెలుసు.

రాసుకో. చిన్న క్యూను తీసేసేటప్పుడు పెద్ద క్యూకి కబురు వెళ్ళేలా రెంపెల్ దిద్దాడు. అది సరిగానే ఉంది. కానీ చిన్న క్యూను తీసేయకుండా, దాని చోటులో మరోదాన్ని పెట్టి మార్చే దారి కూడా ఉంది. ఆ దారిలో వెళితే కబురు వెళ్ళదు. పాత క్యూ పోతుంది, పేరు వరుసలో ఉండిపోతుంది. అదే ఖాళీ చోటు, అదే జాంబాష్. విందు నుంచి లేచిపోయినవాడి గురించి చెప్పాడు గానీ, తన బదులు తమ్ముణ్ణి కూర్చోబెట్టి వెళ్ళినవాణ్ణి మరిచాడు. ఏం పరీక్ష రాయాలో వెనక పేజీలో ఉంది. నీ యంత్రం మీద వేసి చూడు, చూసి కళ్ళు తుడుచుకో, ఆపైన అతనికి చెప్పు. నా పేరు చెప్పక్కర్లేదు.

ఇలాంటి పగ గురించి నేను చాలా పుస్తకాల్లో చదివాను. అన్నిటిలోనూ పగబట్టినవాడికి చివర్లో ఒక గొప్ప సన్నివేశం ఉంటుంది. నాకు మాత్రం బంగాళాదుంపలు, ఒక ఏడుపుగొట్టు శిష్యురాలు.

ఎసెన్‌బెక్

బిష్కెక్, మే 4

అగాయ్,

మీ పరీక్ష వేశాను. ఒక్క దెబ్బకి యజమానినయ్యాను.  వెంటనే రెంపెల్ గారికి చెప్పాను. మీ పేరు చెప్పలేదు.

"ఈ మార్చే దారి సంగతి నీకు ఎవరు చెప్పారు?" అన్నారు.

"నేనే చూశాను."

"అమ్మాయ్, ఈ లోకంలో ఆ దారి గుర్తున్నవాళ్ళు ఇద్దరే. ఒకణ్ణి నేను, మరిచిపోయాను."

ఇక దాచలేకపోయాను. అప్పుడాయన అన్నారు: "రెండో ప్యాచ్ రాస్తాను. కానీ దాన్ని ఎవరైనా చూసి, సరిగా ఉందని తన చేత్తో రాయాలి. ఆయన చూశాడట అని నీ నోటి మాట మీద నేను పేరు వేయలేను. అది మన ఆచారం కాదు. ఎసెకేకి తెలుసు, ఆ ఆచారం నాకు నేర్పింది ఆయనే. ఆయన రాయకపోతే గడువు జరుపుతాను. నా ఒక్కడి చూపు మీద దీన్ని వదలను. నా చూపు ఏపాటిదో తెలిసింది కదా."

గడువు జరిగితే ఇంతమందికి తెలిసిన రహస్యం ఇంకెన్నాళ్ళు నిలుస్తుంది? రెండో ప్యాచ్ కింద ఉంది. ఆయన మెయిల్ చిరునామా మీకు తెలుసు. మారలేదట.

మీ ఒట్టు జాబితాకి రాయనని కదా. ఆయనకి రాయనని కాదు కదా?

బెర్మెత్

కరాకోల్, మే 6

బెర్మెత్,

లాయరు కావాల్సిందానివి.

నిన్న మధ్యాహ్నమంతా ఆ రెండో ప్యాచ్‌తో కూర్చున్నాను. తప్పు దొరుకుతుందేమోనని వెతికాను. కింది నుంచి పైకి కూడా చదివాను. దొరకలేదు. పాపం, శుభ్రంగా ఉంది. అల్లం రసంలా నా గొంతులో దిగింది. ఆ కుర్రాడు నా బల్ల పక్కన కూర్చున్నప్పుడు ఎలా రాసేవాడో, అలా ఉంది.

తర్వాత కంప్యూటరు తెరిచి ఇంతే రాశాను:

"వాల్యా. చూశాను. సరిగా ఉంది. ఎసెన్‌బెక్."

గంటలో జవాబు: "ఎసెకే. అందింది. మోకాళ్ళెలా ఉన్నాయి?"

ఆ ప్రశ్న పరామర్శో ఎగతాళో తేల్చుకోలేక కులీపాని అడిగాను. "రెండూ" అంది. "అందుకే కదా మీరిద్దరూ స్నేహితులైంది."

అతనికి తిరిగి రాయలేదు. ఆ మూడు పేరాల ఉత్తరం సొరుగులో అలాగే ఉంది. గడువు ముగియనీ.

ఎసెన్‌బెక్

బిష్కెక్, మే 13

అగాయ్,

బయటికి వచ్చింది! మీరు ఈపాటికి చదివే ఉంటారు, అయినా నా చేత్తో రాయాలనిపించింది.

కనిపెట్టినది బెర్మెత్. పరీక్షించినది బెర్మెత్. చూసినది ఎసెన్‌బెక్. రెండు ప్యాచ్‌ల కిందా, ఈ తప్పు ఏ మార్పుతో వచ్చిందో చెప్పే వరుసలో ఆయన పదకొండేళ్ళ నాటి మార్పే, ఆయన పేరుతోనే ఉంది. నేను అడగనేలేదు. అంతకు ముందే రాసి ఉంది. దాని పైన మరో రెండు వాక్యాలు: "ఈ తలుపు తెరవొద్దని ఎసెన్‌బెక్ ఆనాడే చెప్పారు. ఆయన అభ్యంతరం సరైనది, నా జవాబు కాదు." పక్కనే మీ పాత ఉత్తరానికి లింకు. వేలమంది చదివే చోట.

ఆసుపత్రుల యంత్రాలన్నిటికీ మందు వేశాం. అందులోకి ఎవరూ దూరినట్టు జాడ లేదు. మా పెద్దాయన ఆఫీసుకి చల్లటి నూడుల్స్ వంటకం అష్లాన్‌ఫూ తెప్పించాడు, కరాకోల్‌లో దొరికేంత బాగా లేదు.

మామిర్‌కి నిజం చెప్పేశాను. "అయితే పెళ్ళి లేదా?" అని నిట్టూర్చాడు.

మీ ఉత్తరం పంపారా?

బెర్మెత్

కరాకోల్, సెప్టెంబరు 17

బెర్మెత్,

వేసవంతా నీకు సరిగా రాయలేదు. తీరిక లేక కాదు, కోపం లేక. కోపం లేకుండా ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియదు.

మూడు పేరాలు పంపలేదు. పంపుదామని ఆ రోజు ఉదయమే కూర్చున్నాను. మొదటి పేరాలో నేను చెప్పాలనుకున్నదంతా అతను ముందే చెప్పేశాడు, అదీ నాకంటే తక్కువ మాటల్లో. దొంగవెధవ.

పోయిన వారం వచ్చాడు. తమ్ముడి మనవరాలి పెళ్ళికి రోత్‌ఫ్రంట్ వచ్చి, అక్కడి నుంచి మామిర్ వ్యానులో దిగాడు. జుట్టంతా పోయింది. కర్రతో నడుస్తున్నాడు. గేటు దగ్గర నిలబడి ఇద్దరం ఒకళ్ళ మోకాళ్ళు ఒకళ్ళం చూసుకున్నాం.

"కీళ్ళనొప్పా?" అన్నాను.

"అభ్యంతరం" అన్నాడు.

కులీపా గొర్రెను కోయించింది. లోపలికి రాగానే అతను గుమ్మం పక్కన కూర్చున్నాడు. "లేచి పెద్దల చోటుకి రా" అన్నాను. "నాకు ఆ అధికారం లేదు" అన్నాడు. "ఇల్లు నాది, ఇస్తున్నాను, లే" అని చెయ్యి పట్టుకుని లాగాను. ఇద్దరం పడబోయాం. కులీపా జాంబాష్ తెచ్చి తిన్నగా అతని ముందు పెట్టింది. నేను ఆవిడ ముఖం చూశాను. "ముఖం చూసే వడ్డించానులే" అంది.

టీ తాగుతుంటే నాలో పాత పురుగు మెదిలింది. సొరుగు లోంచి ఆ మూడు పేరాలు తీసి అతని ఎదుటే గట్టిగా చదివాను. ఒక్క మాట తగ్గించలేదు. ఎముక పట్టుకుని శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక చెయ్యి తుడుచుకుని కాగితం అడిగాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"మొదటి పేరా పొడుగు" అన్నాడు. "రెండోది బాగుంది, దాన్ని ముట్టుకోకు. మూడో దాంట్లో తిట్టు ఉంది గానీ రుజువు లేదు. తాళాల మీద నేను రాసిన చెత్త ఉంది చూడు, దాన్ని ఉదాహరణగా పెట్టు. దిద్ది మళ్ళీ పంపు."

మర్నాడంతా ఆపిల్ చెట్ల కింద కూర్చుని దిద్దాను. వెళ్ళే ముందు మళ్ళీ చూశాడు. ఒక కామా దగ్గర పోట్లాడుకున్నాం, నేనే గెలిచాను. అప్పుడు జేబులోంచి పెన్ను తీసి కాగితం అడుగున రాశాడు: "చూశాను. సరిగా ఉంది. వలెంతిన్."

ఇంత బాగా రాసింది జీవితంలో ఇంకొకటి లేదు నాకు. ఇప్పుడు దాన్ని ఎవరికి పంపాలో తెలియడం లేదు. అందుకని నీకు పంపుతున్నాను. దాచు.

ఈసారి సీటు మీద టీ ఒలకబోయవద్దని మామిర్‌కి చెప్పు.

ఎసెన్‌బెక్